జూలై పద్దులు

జూలై నెలంతా బ్రాడీపేట నాలుగో లైన్లో
డాక్టర్ల నాడి చూసేది మేమే.
మా ఆడిటర్ గారికి చూపు మందగించింది.
అంకెలు నేను చదువుతాను,
ఆయన కళ్ళు మూసుకుని వింటారు.
మధ్యమధ్య "ఊఁ" అంటే లెక్క కుదిరినట్టు.

ముందు గోవర్ధన్ గారి ఫైలు. ఎముకలు.
రెండు చేతులతో ఎత్తాలి.
మోకాలికింత, తుంటికింత,
మాచర్ల రోడ్డు మీద బైకులు పడ్డకొద్దీ లావెక్కిన ఫైలు.
కొత్తపేటలో మూడంతస్తులున్నాయి,
నాలుగోది అప్పు మీద లేస్తోంది.
వడ్డీ కాగితాలకే వేరే దారం కట్టాను.
"రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదమ్మా" అంటారాయన
టీ చల్లారబెట్టుకుంటూ.

పిల్లల డాక్టరు కోటిరత్నం గారిది పల్చటి ఫైలు.
చీటీ రెండొందలు,
వారంలోపు మళ్ళీ వస్తే ఉచితం,
కవలలైతే ఒక్కరికే.
మొదటి బస్సుకి వచ్చినవాళ్ళని డబ్బులడగొద్దన్నారట.
ఈ సంగతి ఆవిడ కాంపౌండరు చెప్పాడు నాకు,
ఫిర్యాదుగా.

దైవసహాయం గారికి ఫైలే లేదు, ఒక్క కాగితం.
బొల్లాపల్లి అవతల సర్కారు దవాఖానా.
మూలవేతనం, కరువు భత్యం,
ఇంటద్దె భత్యం మాత్రం పట్నం వాళ్ళకన్నా తక్కువ.
అక్కడ ఇళ్ళు చవకట.
తేలు కుట్టినా, పాము కరిచినా,
పురుగుమందు తాగినవాణ్ణి మంచం మీద మోసుకొచ్చినా
అన్నిటికీ ఒకటే రేటు: ఒకటో తారీఖు.
ఆయన సహపాఠి బెజవాడ బందరు రోడ్డులో
చీకటి గదిలో తెర ముందు కూచుని
లోపలి ఫొటోలు చదువుతాడు.
ఈయన ఆర్నెల్ల జీతం అతనికి ఒక నెల.
"ఒకే టేబులమ్మా, ఒకే శవం.
కుడి చెయ్యి వాడు కోశాడు, ఎడమ చెయ్యి నేను"
అని సంతకం పెట్టి బస్సుకి వెళ్ళిపోయారు.
ఆడిటర్ గారు "ఊఁ" అన్లేదు.
కళ్ళు తెరిచారు.

ఆఖర్న షహనాజ్ మేడమ్. మత్తు డాక్టరు.
బోర్డు లేదు, గది లేదు,
ఒక స్కూటీ, దాని డిక్కీలో గొట్టాల సంచీ.
పొద్దున్నే అరండల్‌పేట, తొమ్మిదికి కొత్తపేట,
మధ్యాహ్నం తెనాలిలో కాన్పు,
రాత్రి ఎవరు పిలిస్తే వాళ్ళు.
పదకొండు ఆసుపత్రులు, పదకొండు రేట్లు.
తెనాలి వాళ్ళిచ్చేది ఇక్కడ ఇచ్చేదాంట్లో సగం,
పెట్రోలు తనదే.
మోకాలు మార్చినాయనకి లక్షన్నర.
ఆ రెండు గంటలూ తలాపున కూచుని
ఊపిరి లెక్కపెట్టినావిడకి ఆరు వేలు.
అదీ నిద్రపుచ్చినందుకు.
లేపినందుకు వేరే బిల్లు లేదు.

నాకు తెలుసు.
పిత్తాశయంలో రాళ్ళు తీసిన రోజు
"వెనక్కి లెక్కపెట్టు, నీకు అలవాటేగా" అన్నారు.
వంద, తొంభైతొమ్మిది, తొంభైఎనిమిది...
తొంభైఆరు దగ్గర మొత్తం తేలలేదు.
ఆ తర్వాత ఎంతసేపు ఏ పద్దులోనూ లేనో!
"హైమా, లే. అయిపోయింది."
బిల్లులో చివర్నించి రెండో వరసలో ఆవిడ ఉన్నారు,
పేరు లేకుండా: అనస్థీషియా ఛార్జీలు.
ఆ కింద దూది.

ఇప్పుడావిడ లెక్కలు సరిచూస్తున్నాను.
పదకొండింట్లో తొమ్మిది ఆసుపత్రులు
ఆవిడ డబ్బులో పన్ను కోసి సర్కారుకి కట్టాయి.
రెండు కోశాయి, కట్టలేదు,
కోత పెట్టి కుట్టు మర్చిపోయినట్టు.
గడువింకా మూడ్రోజులు.
నాలుగోసారి ఫోన్ చేశాను.
సార్ థియేటర్లో ఉన్నారన్నాడు కుర్రాడు.
"మత్తెవరిస్తున్నారు?"
"షహనాజ్ మేడమండీ."

లైన్లోనే ఉంటానన్నాను.